క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే ఇంజిన్ పనితీరు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కారు పికప్ తగ్గిందనో, మైలేజీ రావడం లేదనో షెడ్డుకు వెళ్లినవారికి "సైలెన్సర్‌లో ఆ కన్వర్టర్ తీయించేయండి సార్, బండి ఫ్రీ అయిపోతుంది" అనే సలహా ఏదో ఒక రోజు ఎదురవుతుంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు కాబట్టే ఇంతకాలం నిలబడింది. అయితే అందులో నిజం ఎంతవరకు ఉందో తెలియక, బాగున్న కన్వర్టర్‌ను పీకించుకుని అసలు జబ్బును ఇంజిన్‌లోనే వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. ఈ ప్రశ్నలన్నీ అలాంటి యజమానులు నన్ను అడిగినవే. జవాబులు ప్రధానంగా మన రోడ్ల మీద తిరిగే పెట్రోలు కార్లకు వర్తిస్తాయి. టర్బో, డీజిల్ బండ్ల సంగతి వేరుగా చెప్పాను.

ఈ కన్వర్టర్ ఎక్కడ ఉంటుంది? ఏం చేస్తుంది?

ఇంజిన్ నుంచి వెలువడే పొగ సైలెన్సర్‌కు చేరేలోపు దాటి వెళ్లే స్టీలు డబ్బా ఇది. పాత కార్లలో బండి అడుగున, ముందు సీట్ల కింద కనిపించేది. ఇప్పటి కార్లలో చాలావాటికి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కే (సిలిండర్ల నుంచి పొగను ఒకచోటికి చేర్చే గొట్టాలకే) అతికించి ఇంజిన్ పక్కనే పెడుతున్నారు. బండి స్టార్ట్ చేసిన వెంటనే అది త్వరగా వేడెక్కాలన్నదే దానికి కారణం, ఎందుకంటే దాదాపు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరేదాకా కన్వర్టర్ తన పని సరిగా మొదలుపెట్టదు.

డబ్బా లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. ఒక చదరపు అంగుళానికి 400 నుంచి 900 వరకు సన్నని గొట్టాలు ఒక చివర నుంచి మరో చివరకు తిన్నగా సాగుతాయి. ఆ గొట్టాల గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలు అతి సూక్ష్మమైన రేణువులుగా ఉంటాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇక్కడ కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోలు ఆవిరి నీటి ఆవిరిగా, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లు తిరిగి మామూలు నైట్రోజన్‌గా మారతాయి. మూడు విషాలను ఒకేసారి సరిచేస్తుంది కాబట్టి దీన్ని త్రీ-వే కన్వర్టర్ అంటారు. మంచి స్థితిలో ఉండి, తగినంత వేడెక్కిన కన్వర్టర్ ఈ విషాల్లో 90 శాతానికి పైగా తొలగిస్తుంది.

తీసేస్తే పవర్ నిజంగా పెరుగుతుందా? ఎంత పెరుగుతుంది?

బాగా పనిచేస్తున్న కన్వర్టర్‌ను తీసేస్తే, టర్బో లేని మామూలు పెట్రోలు కారులో పెరిగేది సాధారణంగా ఒకటి నుంచి మూడు శాతం. అది కూడా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఇంజిన్‌ను ఎక్కువ ఆర్‌పీఎం వద్ద తిప్పినప్పుడు మాత్రమే. 80 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఇది ఒకటి రెండు హార్స్‌పవర్ అవుతుంది. 900 కిలోల కారులో ఒక్కో హార్స్‌పవర్ వాటాకు దాదాపు 11 కిలోల బరువు వస్తుంది కాబట్టి, రెండు హార్స్‌పవర్ పెరగడమంటే డిక్కీలోంచి ఒక 25 కిలోల బియ్యం బస్తా దింపినంత తేడా. బస్తా దింపితే తెలిసేంత మార్పు కోసమే ఇంత పని పెట్టుకుంటున్నామన్నది గుర్తుంచుకోవాలి.

ఇంత తక్కువ ఎందుకంటే, ఇంజిన్ గాలి ఎంత పీల్చుకుంటుందో లెక్క చూడాలి. 1.2 లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం వద్ద థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు నిమిషానికి దాదాపు 3,600 లీటర్ల గాలిని లోపలికి తీసుకుంటుంది. కన్వర్టర్ కొంత అడ్డుగా నిలిచేది ఆ స్థితిలోనే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో, హైదరాబాద్ అమీర్‌పేట దగ్గరో 2,000 ఆర్‌పీఎం వద్ద నడుపుతున్నప్పుడు థ్రాటిల్ రేకు చాలావరకు మూసుకునే ఉంటుంది. అంటే గాలిని ఆపుతున్నది ముందువైపున్న ఆ రేకే. ఆ సమయంలో ఇంకొంచెం పవర్ కావాలంటే పాదాన్ని కొద్దిగా నొక్కితే సరిపోతుంది. వెనకనున్న కన్వర్టర్ తీసేసినా, ఉంచినా డ్రైవర్‌కు తేడా తెలియదు.

మరి తీసేసిన తర్వాత బండి బాణంలా పోతోందని చాలామంది చెబుతారు. వాళ్లంతా అబద్ధం చెబుతున్నారా?

కాదు. వాళ్లలో చాలామంది చూసినది నిజమే, కానీ కారణం వేరు. వాళ్లు తీయించినది మూసుకుపోయిన కన్వర్టర్‌ను. మూసుకుపోయిన కన్వర్టర్ వల్ల పొగ బయటికి పోయే దారి లేక, కాలిన వాయువులో కొంత భాగం సిలిండర్‌లోనే మిగిలిపోతుంది. అది ఆక్రమించిన చోటులోకి కొత్త గాలి, పెట్రోలు రాలేవు. ఇంజిన్ ఎంత తొక్కినా ఊపిరాడనట్లు గింజుకుంటుంది. అడ్డు తీసేయగానే పోయిన పవర్ తిరిగి వస్తుంది. యజమానికి మాత్రం అది కొత్తగా వచ్చిన పవర్‌లా అనిపిస్తుంది. కొత్త కన్వర్టర్ వేసినా ఆ పవరే వచ్చేది.

ఒక ఉదాహరణ చెబుతాను. విశాఖ నుంచి అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో ఇబ్బంది పడిన 1.2 లీటర్ల పెట్రోలు కారు ఒకటి నా దగ్గరికి వచ్చింది. రెండో గేరులో పెడల్ నేలకు ఆనించినా ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దాటడం లేదు. ముందు చూసిన మెకానిక్ కన్వర్టర్ కొట్టేయమని చెప్పారట. నేను కన్వర్టర్‌కు ముందువైపున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రానికి ప్రెషర్ గేజి బిగించి చూశాను. 2,500 ఆర్‌పీఎం వద్ద ముల్లు ఆరు పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాటింది. ఆ వేగం వద్ద మూడు దాటకూడదు. కన్వర్టర్ మూసుకుపోయిందన్న మాట నిజమే. కానీ ఎందుకు మూసుకుపోయింది? స్కానర్ పెట్టి చూస్తే మూడో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే పెట్రోలు సరిగా అంటుకోకపోవడం, నమోదవుతోంది. ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడింది. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు అప్పుడప్పుడు మిణుకుమిణుకుమంటోందని, నాలుగు నెలలుగా అలాగే నడుపుతున్నానని యజమాని అప్పుడు చెప్పారు.

పాత కన్వర్టర్‌ను కోసి చూశాం. తేనెపట్టు ముఖంలో సగం చక్కగానే ఉంది. ఎత్తి పట్టుకుంటే సన్నని గళ్లలోంచి వెలుతురు వస్తోంది. మిగతా సగం మాత్రం పాకం ముదిరి గడ్డకట్టిన బెల్లంలా నల్లగా, గాజులా మెరుస్తూ ముద్దయిపోయింది. మూడో సిలిండర్‌లో కాలకుండా వచ్చిన పెట్రోలు నాలుగు నెలలపాటు ఈ డబ్బాలో మండింది. కొత్త కాయిల్, ప్లగ్గులు వేసి, కన్వర్టర్ మార్చాక ఆ కారు అదే ఘాట్ ఎక్కింది. కన్వర్టర్ ఒక్కటే కొట్టేసి పంపించి ఉంటే బండి ఆ రోజుకు తేలికయ్యేది. మూడో సిలిండర్‌లో కాలని పెట్రోలు మాత్రం గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తూ ఉండేది. నేను అందరికీ చెప్పేది ఇదే. కన్వర్టర్ దానంతట అది చెడిపోవడం అరుదు, దాన్ని చెడగొట్టినది దాదాపు ఎప్పుడూ దాని ముందున్న ఇంజిన్‌లోనే ఉంటుంది.

కన్వర్టర్‌ను చెడగొట్టే కారణాలు ఏమిటి?

అన్నిటికంటే పెద్ద శత్రువు మిస్సింగ్. మామూలుగా కన్వర్టర్ 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. కాలని పెట్రోలు వచ్చి అందులో మండితే వేడి 1,000 డిగ్రీలు దాటిపోతుంది. అప్పుడు మొదట లోహపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది. వేడి ఇంకా పెరిగి 1,400 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తే పింగాణీయే కరుగుతుంది. చెక్ ఇంజిన్ లైటు ఆగకుండా వెలుగుతుంటే షెడ్డుకు తీసుకెళ్లడానికి వ్యవధి ఉన్నట్లు లెక్క. అదే లైటు మిణుకుమిణుకుమంటూ ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఆ క్షణాన మిస్సింగ్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. అప్పుడు పెడల్ మీది ఒత్తిడి తగ్గించి, వీలైనంత త్వరగా బండి పక్కకు ఆపాలి.

రెండోది ఆయిల్ తాగే ఇంజిన్. రింగులు, వాల్వ్ సీళ్లు అరిగిన బండిలో ఆయిల్‌లోని భాస్వరం, జింకు కాలి బూడిదై తేనెపట్టు గోడల మీద పూతలా పేరుకుంటాయి. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ సిలిండర్‌లోకి కారినా ఇదే నష్టం. ఎగ్జాస్ట్ దగ్గర నాసిరకం సిలికాన్ పేస్టు వాడడం, రోడ్డు మీది రాయో, ఎత్తయిన స్పీడ్ బ్రేకరో తగిలి డబ్బా సొట్టపడడం కూడా నేను చూసిన కారణాలే. వేడెక్కిన కన్వర్టర్ మీద వరద నీళ్లు ఒక్కసారిగా పడితే లోపలి పింగాణీ పగిలే అవకాశం ఉంది. అలా పగిలిన ముక్కలు డబ్బాలో కదులుతూ ఐడిల్‌లో గలగలమంటాయి.

కన్వర్టర్ మూసుకుపోయిందని ఎలా నిర్ధారించుకోవాలి?

ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు పడినప్పుడు పవర్ పడిపోవడం, ఆర్‌పీఎం ఒక స్థాయి దాటకపోవడం, కుళ్లిన కోడిగుడ్డు వాసన, బండి కింద అసాధారణమైన వేడి ఇవన్నీ అనుమానించాల్సిన లక్షణాలు. కానీ పెట్రోలు పంపు బలహీనపడినా, ఎయిర్ ఫిల్టర్ నిండిపోయినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి వీటిని చూసి కోతకు దిగకూడదు.

నమ్మదగిన పరీక్ష పైన చెప్పిన ప్రెషర్ గేజిదే. ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్ఐ లోపు, 2,500 ఆర్‌పీఎం వద్ద మూడు లోపు ఉంటే కన్వర్టర్ దారి బాగానే ఉందని భావించవచ్చు. గేజి లేనిచోట వాక్యూమ్ గేజిని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు తగిలించి, ఇంజిన్‌ను 2,500 వద్ద నిలకడగా పట్టి ఉంచవచ్చు. కొన్ని సెకన్లలో ముల్లు మెల్లగా కిందికి దిగుతూ పోతే పొగ దారిలో అడ్డు ఉన్నట్లే. సైలెన్సర్ చివర చెయ్యి పెట్టి "ప్రెషర్ తక్కువగా ఉంది" అని తీర్పు చెప్పడం పరీక్ష కాదు.

తీసేస్తే మైలేజీ పెరుగుతుందా?

బాగున్న కన్వర్టర్ తీస్తే దాదాపు పెరగదు. పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించేది ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్. మామూలుగా నడిపేటప్పుడు అది, ఇథనాల్ కలపని పెట్రోలుకైతే, 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున నిష్పత్తిని నిలబెట్టేలా ఇంజెక్టర్లను సరిచేస్తూ ఉంటుంది. కన్వర్టర్ ఉన్నా లేకపోయినా ఆ లెక్క మారదు.

తగ్గే అవకాశం మాత్రం ఉంది. వెల్డింగు సరిగా లేక ముందు సెన్సర్ దగ్గరలో గాలి లీకు ఏర్పడితే, బయటి గాలిలోని ఆక్సిజన్ ఆ సెన్సర్‌కు తగులుతుంది. పెట్రోలు తక్కువైందని ఈసీయూ పొరబడి ఇంకా పోస్తుంది. కన్వర్టర్ తీయించాక మైలేజీ పడిపోయిందని వచ్చిన బండ్లలో నేను మొదట వెతికేది ఈ లీకునే.

చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలుగుతుంది? దానివల్ల ఇంజిన్‌కు నష్టమా?

కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందున్న మామూలు రకం సెన్సర్ వోల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య ఆగకుండా ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ తనలో ఆక్సిజన్‌ను దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది కాబట్టి వెనక సెన్సర్ వోల్టేజీ దాదాపు నిలకడగా ఉంటుంది. కన్వర్టర్ లేకపోతే వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంది. రెండు గీతలూ ఒకేలా కనిపించగానే ఈసీయూ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని తెలిపే పి0420 కోడు రాసి లైటు వెలిగిస్తుంది.

చాలా కార్లలో ఈ ఒక్క కోడు వల్ల ఇంజిన్ పవర్ తగ్గదు. కొన్నిటిలో మాత్రం వెనక సెన్సర్ చెప్పినదాన్ని బట్టి పెట్రోలు నిష్పత్తిని మరింత సన్నగా సవరించే ఏర్పాటు ఉంటుంది. అది చెదిరితే ఐడిల్ కుదురుగా ఉండకపోవచ్చు. అసలు నష్టం మరొకటుంది. ఆ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండడం అలవాటైపోతే, రేపు నిజంగా కాయిల్ పోయినా, కూలెంట్ సెన్సర్ చెడిపోయినా యజమానికి తెలియదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల) రెండో దశ కార్లలో ఈ నిఘా మరింత కఠినమైంది.

సెన్సర్ కింద స్పేసర్ పెడితే లైటు ఆరిపోతుందట కదా?

వెనక సెన్సర్‌ను పొగ ప్రవాహానికి కొంచెం దూరం జరిపి, దాని రీడింగు మందగించేలా చేసే చిన్న లోహపు ముక్క అది. కొన్ని కార్లలో లైటు ఆరుతుంది, కొన్నిటిలో ఆరదు. ఆరినా ఇంజిన్‌కు ఒరిగేదేమీ లేదు. థర్మామీటరు పగలగొడితే జ్వరం తగ్గదు. వెనక సెన్సర్‌ను ఈసీయూ ప్రోగ్రాములో చెరిపేయించడం కూడా ఇలాంటిదే. ఆ ప్రోగ్రాము ఎవరు రాశారో, అందులో ఇంకేం మార్చారో యజమానికి తెలిసే వీలుండదు.

ఇంజిన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ అవసరమని, కన్వర్టర్ తీస్తే తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుందని అంటారు. నిజమేనా?

తగ్గుతుందన్న అనుభవంలో నిజం ఉంది, చెప్పే కారణం మాత్రం పొరపాటు. ఏ ఇంజిన్‌కూ పొగ దారిలో అడ్డు అవసరం లేదు. కావాల్సింది పొగ వేగం. ఒక సిలిండర్ నుంచి వేగంగా బయటికి దూకిన పొగ తన వెనక కొంత శూన్యాన్ని మిగులుస్తుంది, ఆ శూన్యం తర్వాతి సిలిండర్‌లోని పొగను లాగుతుంది. మానిఫోల్డ్ గొట్టాల పొడవు, వ్యాసం ఈ లెక్కతోనే నిర్ణయిస్తారు. కన్వర్టర్ తీసేసి ఆ చోట అవసరానికి మించి లావైన పైపు వేస్తే తక్కువ ఆర్‌పీఎం వద్ద పొగ వేగం మందగించి ఆ లాగుడు పోతుంది. మానిఫోల్డ్‌కే అతికించిన కన్వర్టర్ ఉన్న కార్లలో మొత్తం మానిఫోల్డ్‌నే మార్చాల్సి వస్తుంది కాబట్టి ఈ లెక్క తప్పే అవకాశం ఇంకా ఎక్కువ. మన ఊళ్లలో, ట్రాఫిక్‌లో రోజంతా వాడేది 1,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్యనే. ఎప్పుడో ఒకసారి చేరే 6,000 వద్ద రెండు హార్స్‌పవర్ కోసం రోజూ వాడే చోట లాగుడు పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

డబ్బా అలాగే ఉంచి, లోపలి తేనెపట్టు మాత్రం కొట్టేస్తే?

ఇది అన్నిటికంటే అధ్వానమైన మార్గం. సన్నని పైపులోంచి వచ్చిన పొగ ఖాళీ డబ్బాలో ఒక్కసారిగా విచ్చుకుని, సుళ్లు తిరిగి, మళ్లీ సన్నని పైపులోకి దూరాల్సి వస్తుంది. తిన్నని పైపు వేసినప్పుడు దొరికే ఆ కొద్ది లాభం కూడా ఇక్కడ దొరకదు. సరిగా రాలని పింగాణీ ముక్కలు వెనక్కి కొట్టుకుపోయి మఫ్లర్‌లో (సైలెన్సర్‌లో) ఇరుక్కుంటే కొత్త అడ్డు తయారవుతుంది. పైగా కొట్టేటప్పుడు లేచే ధూళిని పీల్చడం పనిచేసే కుర్రవాడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. శబ్దం కూడా ఖాళీ డబ్బాలో రేకు కొట్టినట్లు మారుతుంది.

టర్బో పెట్రోలు కార్ల సంగతి ఏమిటి?

ఇక్కడ లాభం ఎక్కువ కనిపిస్తుంది, అది ఒప్పుకోవాలి. టర్బో అంటే పొగతో తిరిగే టర్బైన్ సాయంతో ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం. ఆ టర్బైన్ తిరిగేది దాని ముందు, వెనక ఉన్న ఒత్తిడి తేడా వల్ల. దాని వెనకే ఉన్న కన్వర్టర్ అడ్డు తొలగితే ఆ తేడా పెరిగి టర్బో త్వరగా అందుకుంటుంది. అయితే ఎంత బూస్టు (అదనపు గాలి ఒత్తిడి) ఇవ్వాలో నిర్ణయించేది ఈసీయూయే కాబట్టి, ప్రోగ్రాము మార్చకుండా పైపు మాత్రమే మారిస్తే అది పాత బూస్టు దగ్గరే ఆపేస్తుంది. కొన్ని కార్లలో వేస్ట్‌గేట్ అనే వాల్వ్ పెరిగిన పొగ ప్రవాహాన్ని మళ్లించలేక బూస్టు అదుపు తప్పి, టర్బో ఉండాల్సిన వేగాన్ని మించి తిరిగే ప్రమాదం ఉంది. పోటీల ట్రాక్ మీద మాత్రమే నడిపే బండికి ఇదంతా లెక్క ప్రకారం చేయవచ్చు. రోజూ పిల్లల్ని బడికి దింపే బండికి అవసరం లేదు.

డీజిల్ కారులో డీపీఎఫ్ తీసేయడం కూడా ఇలాంటిదేనా?

కొంతవరకు మాత్రమే. డీజిల్ పొగలో ఆక్సిజన్ ఎప్పుడూ ఎక్కువ కాబట్టి త్రీ-వే కన్వర్టర్ అక్కడ పనిచేయదు. దాని బదులు ఆక్సిడేషన్ కన్వర్టర్, మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే మరో ఏర్పాటు వరుసగా ఉంటాయి. ఫిల్టర్ నిండినప్పుడు ఈసీయూ అదనంగా డీజిల్ చల్లి మసిని కాలుస్తుంది. ఫిల్టర్‌ను పీకేసి ప్రోగ్రామును సరిగా మార్చకపోతే ఆ చల్లడం తప్పుడు సమయాల్లో జరిగి, డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఎప్పుడూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండిలో ఫిల్టర్ త్వరగా నిండుతుంది. వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట నిలకడగా నడిపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

పాత కార్లకు కన్వర్టర్ లేదు కదా? అవి బాగానే నడిచాయి కదా?

నడిచాయి. అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ హౌడ్రీ 1950ల్లోనే కార్లకు కన్వర్టర్ రూపొందించాడు. కానీ అప్పటి పెట్రోలులో కలిపే సీసం ఆ లోహాల మీద పూతపడి వాటిని పనికిరాకుండా చేసేది కాబట్టి, సీసం లేని పెట్రోలు వచ్చేదాకా అది ఆగిపోయింది. అమెరికాలో 1975 మోడల్ కార్ల నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది.

ఆ పాత కార్లకు కన్వర్టర్ లేకపోవడమే కాదు, కార్బ్యురేటర్, మామూలు డిస్ట్రిబ్యూటర్ ఉండేవి. ఇప్పటి ఇంజిన్‌ను మొదటి గీత నుంచే కన్వర్టర్‌తో కలిపి రూపొందిస్తారు. వాల్వులు తెరుచుకునే సమయం, ఇంజెక్టర్ల లెక్క, సెన్సర్ల స్థానం అన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవే. పాత కారులో లేని భాగాన్ని కొత్త కారులోంచి తీసేసినంత మాత్రాన కొత్తది పాతదానిలా నడవదు.

మనకు, చుట్టుపక్కలవారికి ఆరోగ్యపరంగా ఏమవుతుంది?

బీఎస్-6 పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి కిలోమీటరుకు ఒక గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లకు 0.06 గ్రాము. కన్వర్టర్ 90 శాతానికి పైగా తొలగిస్తోందంటే, అది లేని కారు అదే దూరానికి దాదాపు పది రెట్లు విషాన్ని వదులుతుందని అర్థం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటిపెట్టుకుంటుంది. వెల్డింగు దగ్గర లీకైన పొగ కారు అడుగు నుంచి లోపలికి చేరితే, ఏసీ వేసుకుని అద్దాలు మూసి ప్రయాణించేవారికి తలనొప్పితో మొదలై ప్రాణాపాయం దాకా పోవచ్చు. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉదయం బండి స్టార్ట్ చేసి వదిలేసేవారు దీన్ని మరీ జాగ్రత్తగా గమనించాలి. అక్కడ పక్కనే వాచ్‌మన్ కుటుంబం నిద్రపోతూ ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేర్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద తొలిసారి 10,000 రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు, మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. పొల్యూషన్ పరీక్షలో కన్వర్టర్ లేని పెట్రోలు కారు నిజాయితీగా నెగ్గడం చాలా కష్టం. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ఈ మార్పును ఎత్తి చూపే అవకాశమూ ఉంది.

అమెరికాలో ఉన్న మనవారు గమనించాల్సింది, అక్కడి క్లీన్ ఎయిర్ చట్టం కన్వర్టర్ తీయడాన్ని దేశమంతటా నిషేధించింది. కాలిఫోర్నియాలో స్మాగ్ పరీక్షలో బండి కిందికి తొంగి చూసి మరీ తనిఖీ చేస్తారు.

కన్వర్టర్లను దొంగలు ఎందుకు ఎత్తుకుపోతున్నారు?

అందులో ఉన్న కొద్ది గ్రాముల విలువైన లోహాల కోసం. 2021లో రోడియం ధర ఔన్సుకు 25,000 డాలర్లు దాటింది. అమెరికాలో ప్రియస్ కార్లు, మన దేశంలో మారుతి ఈకో వ్యాన్లు ఎక్కువగా ఈ దొంగతనాలకు గురయ్యాయి. ఉదయం స్టార్ట్ చేయగానే బండి ట్రాక్టరులా మోగితే ముందు కిందికి వంగి చూడాలి. తుక్కు లెక్కన కొంత డబ్బిచ్చి పాత కన్వర్టర్ తీసుకుంటామని చెప్పేవారి ఆసక్తి కూడా ఈ లోహాల మీదే ఉంటుంది. "తీసేస్తే మంచిది" అనే సలహా ఇచ్చేవారే ఆ డబ్బాను ఉంచుకుంటామంటే, యజమాని ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇప్పటికే తీయించేశాను. ఇప్పుడేం చేయాలి?

మొదట అది ఎందుకు చెడిందో తేల్చుకోవాలి. ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజెక్టర్లు, ఆయిల్ వాడకం, కూలెంట్ మట్టం చూపించుకుని, మిస్సింగ్ పూర్తిగా పోయిందని స్కానర్‌లో నిర్ధారించుకున్న తర్వాతే కొత్తది వేయించాలి. లేకపోతే కొత్తది కూడా కొద్ది నెలల్లో కరుగుతుంది. ఆ కారుకు, ఆ బీఎస్ ప్రమాణానికి తయారైన కన్వర్టర్‌నే తీసుకోవాలి. మరీ చౌకగా దొరికేవాటిలో లోహపు పూత నామమాత్రంగా ఉండి, కొన్నాళ్లకే పి0420 కోడు మళ్లీ వస్తుంది. స్పేసర్ పెట్టి ఉంటే తీయించి, సెన్సర్‌ను అసలు చోట బిగించాలి. ఈసీయూ ప్రోగ్రాము మార్పించి ఉంటే పాతది తిరిగి ఎక్కించాలి. ముందు సెన్సర్ దగ్గర, ఫ్లాంజి గ్యాస్కెట్ దగ్గర లీకు లేదని చూసుకున్నాక, కోడులు చెరిపి, ఊళ్లోనూ హైవే మీదా కలిపి రెండు మూడు రోజులు మామూలుగా నడపాలి. ఆ తర్వాత స్కానర్ పెట్టి చూస్తే వెనక సెన్సర్ గీత నిలకడగా సాగుతూ కనిపించాలి.